ప్రయాణపు బండిలో మంచినీటి తొట్టి



ఉత్తర తెలంగాణమున జాతరల కాలము పుష్యమాసముతో మొదలగును. పుష్య అమావాస్యనాడు ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున నాగోబా పూజ జరుగును. రెండేండ్ల కొకసారి మాఘపూర్ణిమ దినములలో ములుగు జిల్లాలోని మేడారమునకు సమ్మక్క సారలమ్మల దర్శనమునకై జనము తరలిపోవును. 2016వ సంవత్సరమున పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభజింపబడినను, జాతర బాటలు మాత్రము మారలేదు. బస్సులును మోటారులును ఎంత విరివియైనను, కుటుంబమంతయు నెక్కి, వంటసామగ్రియు, పడకలును, అమ్మవారలకు బంగారమని సమర్పించు బెల్లమును వెంట గొనిపోవు గూడుబండి నేటికిని పూర్తిగా మరుగున పడలేదు. తాతల నాటి కచ్చరమునకు రబ్బరు చక్రములు తగిలించి, గూడు మరల కప్పించి వాడుకొను ఇండ్లు ఇంకను గలవు.

అట్టి పాత బండిలోని నీటితొట్టి చెడిపోయినప్పుడు దాని స్థానమున క్రొత్తదానిని అమర్చు పద్ధతిని గూర్చి నేడు మనవి చేయదలచితిని. ఇది వడ్రంగికిని కమ్మరికిని విడిచిపెట్టదగిన చిన్నపని యని తోచవచ్చును. కాని ఆ తొట్టి బరువును మోయునవి రెండు మూగజీవములు. ఆ తొట్టి నీటిని త్రాగువారిలో పసిపిల్లలుందురు, బాలింతలుందురు, మీవంటి పెద్దలుందురు. తొట్టి ఉంచు చోటు తప్పినయెడల ఎడ్ల మెడ పుండగును, లేదా వాగు దిగునప్పుడు బండి బోల్తాపడును. తొట్టి లోపలి శుభ్రత తప్పినయెడల అమ్మవారి దర్శనమునకై బయలుదేరిన కుటుంబము దారిలో వైద్యశాలను వెదకుకొనవలసి వచ్చును. కావున ఈ పనిని చేయించు పెద్దలకు దీని కారణములు తెలిసి యుండుట అవసరము.

నీటిని వెంట గొని ప్రయాణము చేయుట మన సీమకు క్రొత్త కాదు. నాగోబా పూజకు ముందు మెస్రం వంశస్థులు జన్నారం మండలములోని హస్తలమడుగునకు కాలినడకన పోయి, ఝారీ యను పాత్రయందు గోదావరి జలమును నింపుకొని, మరల నడచియే కేస్లాపూరు చేరుకొందురు. జాతరకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేసియిత్తురు. ఆ జలము దేవునిది. దానిని కాపాడు నియమములు వారికి తరతరములుగా తెలిసినవే. మనుష్యుల దాహమునకై బండిలో పెట్టు నీటికి మాత్రము అట్టి నియమములను మనము చేసికొనలేదు. పూర్వము మట్టికుండలు, తోలుతిత్తులు, ఇత్తడి బిందెలు ఉండెడివి. తరువాత జింకు పూత గల రేకు తొట్లు వచ్చినవి. ఇప్పుడు ప్లాస్టిక్కు తొట్లు వచ్చినవి. పాత్ర మారినప్పుడెల్ల దానిని చూచుకొను పద్ధతియు మారవలెను గదా!

ఇతర దేశములవారును ఈ చిక్కును ఎదుర్కొనినవారే. 1885లో గోర్డన్ స్టేబుల్సు అను వైద్యుడు ఇంగ్లండులో వాండరరు అను పేరుతో ఇల్లువంటి బండిని ప్రత్యేకముగ చేయించుకొని, రెండు గుర్రములను పూన్చి, ట్వైఫర్డు నుండి స్కాట్లండులోని ఇన్వర్నెసు వరకు ప్రయాణము చేసెను. విహారమునకై నిర్మింపబడిన నివాసపు బండ్లలో అదియే మొదటిదని చెప్పుదురు. 1936లో అమెరికాలో ఎయిర్‌స్ట్రీము అను సంస్థ మోటారు వెనుక తగిలించు క్లిప్పరు అను బండిని చేసినది. అందు నలుగురు నిద్రించుటకు చోటును, స్వంత నీటి ఏర్పాటును ఉండెను. ఆ కాలపు బండ్లను ఇప్పటికిని భద్రపరచుకొని మరమ్మతు చేసికొనువారు ఆ దేశములందు వేలకొలది గలరు. వారికి తరచుగ ఎదురగు పనులలో నీటితొట్టి మార్చుట యొకటి. వారి బండికిని మన కచ్చరమునకును రూపభేదమెంత యున్నను నీటి స్వభావ మొక్కటే. అందుచేత నేను చెప్పబోవు సూత్రములు రెంటికిని వర్తించును.

మొదటి సంగతి బరువు. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును. రెండువందల లీటర్ల తొట్టి నిండినచో తొట్టి బరువు గాక నీరే రెండువందల కిలోగ్రాములు, అనగా రెండు బస్తాల ధాన్యమునకు మించిన బరువు. ఇంతటి బరువును బండిలో ఎక్కడ ఉంచవలెను? బండి వెనుక భాగమున ఖాళీ యున్నదని అక్కడనే పెట్టించుట చాలమందికి అలవాటు. లెక్క చూడుడు. ఇరుసు నుండి కాడి పది అడుగుల దూరమున నున్నదనుకొందము. నూటయేబది కిలోగ్రాముల తొట్టిని ఇరుసునకు రెండడుగులు వెనుకగ ఉంచినయెడల కాడివద్ద ముప్పది కిలోగ్రాముల బలము పైకి లేచును. కాడి పైకి లేచి, మెడక్రింది త్రాడు ఎడ్ల గొంతును నొక్కును. అదే తొట్టిని ఇరుసునకు రెండడుగులు ముందుకు జరిపినచో ఆ ముప్పది కిలోగ్రాములును ఎడ్ల మెడలపై పడును.

ఇంతమాత్రమే కాదు. ధాన్యపు బస్తా దారిలో తరుగదు; నీరు తరుగును. ఉదయము వెనుకనున్న తొట్టికి సరిగా ముందు సామాను సర్ది బండిని సమతూకముగ చేసినను, సాయంకాలమునకు నీరు ఖర్చయి ముందుబరువు హెచ్చును. తొట్టి సరిగా ఇరుసుమీద నున్నచో నిండుగ నున్నను, వట్టిదైనను కాడిమీద బరువు మారదు. మోటారు వెనుక లాగబడు నివాసపు బండ్లకును ఇదియే నియమము. వెనుక బరువు ఎక్కువైన బండి వేగమునందు తోకవలె అటునిటు ఊగి, లాగుచున్న మోటారును సైతము దారి తప్పించును. అందుచేతనే అమెరికావారు బండి మొత్తము బరువులో కనీసము పదవవంతు ముందుకొక్కెముపై ఉండునట్లు చూచుకొందురు.

బండి అడుగున వ్రేలాడదీయుట కొందరికి తెలివిగ తోచును. చోటు కలిసివచ్చునన్నమాట నిజమే. కాని మన బాటలలో రాళ్లును, గుంటలును, వాగులును గలవు. వాగు దాటునప్పుడు బురదనీరు తొట్టి మూతిని, నల్లాను ముంచిన తరువాత అది మంచినీటి తొట్టి కాదు. కావున తొట్టి బండి పలకలపైననే, ఇరుసుకు నేరుగ పైన, వీలైనంత క్రిందుగ, కూర్చుండు బల్ల అడుగున ఉండుట మేలు. గూటి కొయ్యలకు కట్టి ఎత్తున ఉంచరాదు. ఎత్తున నున్న నీరు బండి ఒరిగిన వైపునకే తానును ఒరిగి, దానిని ఇంకను ఒరగద్రోయును.

రెండవ సంగతి పరిమాణము. పెద్ద తొట్టి యున్న మేలను భ్రమ విడువవలెను. త్రాగుటకును వంటకును మనిషి ఒక్కంటికి దినమునకు అయిదు లీటర్లు చాలును. ఎనమండుగురు గల బండికి దినమునకు నలువది లీటర్లు. రెండు దినముల కొకసారి మంచినీరు దొరకు దారియైనచో ఎనుబది లీటర్లు కావలెను. వంద లీటర్లు దండి. ఎడ్లకు ఒక్కొక్క దానికి దినమునకు ముప్పది లీటర్లకు పైగ కావలసి యుండును గనుక వాటిని చెరువులవద్ద, వాగులవద్ద త్రాగించుటయే గాని బండిలో మోయుట కాని పని. స్నానమునకును, పాత్రలు తోముకొనుటకును తొట్టినీరు ముట్టరాదు.

ఆ వంద లీటర్లకు ఒక తొట్టి కంటె యేబది లీటర్ల తొట్లు రెండు శ్రేష్ఠము. సగము నిండిన పెద్దతొట్టిలో నీరు బండి నడకతో ముందునకు వెనుకకు పరుగెత్తి గోడలను కొట్టును. పల్లములో ఎడ్లను త్రోయును, మిట్టలో వెనుకకు లాగును. నిండిన తొట్టిలో నీటికి పరుగెత్తుటకు చోటుండదు. రెండు చిన్నవి యున్నచో ఒకటి ఎప్పుడును నిండుగనో వట్టిగనో ఉండును. రెండవదానిలోని కదలిక స్వల్పము. ఇవి రెండును బండి నడుమకు దగ్గరగ, ఇరుసు వెంబడి ఒకదాని ప్రక్కన ఒకటి ఉండవలెను. దేనినల్లా దానికి వేరుగ ఉండవలెను. రెంటిని గొట్టముతో కలిపి తెరచియుంచినచో బండి ఒరిగిన వైపునకు నీరంతయు చేరును. వేరుగ నుండుటలో మరియొక లాభము గలదు. దారిలో నింపిన నీరు ఒకదానిలో చెడినదైనను రెండవది మిగులును.

మూడవ సంగతి తొట్టి దేనితో చేయబడినది. పాత జింకురేకు తొట్టిలో పూత అరిగి త్రుప్పు పట్టినచో మరల అతుకు వేయించి వాడుదమని పెక్కురు చూతురు. ఇది మంచిది కాదు. పాతకాలపు అతుకులయందు సీసము కలసి యుండును. సీసము నీటిలో దిగినను రంగు లేదు, రుచి లేదు. అది కొంచెము కొంచెముగ ఒడలిలో చేరి పిల్లల బుద్ధివికాసమును, రక్తమును చెరచును. కళాయి పూతలో సీసము కలిపినను ఇదే కీడు. జింకురేకు తొట్టికి రాగిగొట్టము తగిలించుటయు తప్పే. రాగిని తాకి వచ్చిన నీరు జింకును తినివేసి రేకునకు చిల్లులు పెట్టును.

క్రొత్త తొట్టి ఆహారపదార్థములకు తగిన ప్లాస్టిక్కుతోనో, స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసినదై యుండవలెను. ప్లాస్టిక్కు నీటితొట్లకు భారత ప్రమాణము ఐ.యస్. 12701, ఆ సంఖ్యయు, ఐ.యస్.ఐ. ముద్రయు చూచి కొనుడు. తెల్లనిది, వెలుతురు చొరనిచ్చునది వలదు. వెలుతురు సోకిన నీటిలో పాచి పెరుగును. నల్లనిదైనచో మేలు, లేదా ముదురు గుడ్డతో కప్పవలెను.

ఈ సందర్భమున ఒక్కమాట గట్టిగ చెప్పవలసి యున్నది. మన జిల్లాలలో పత్తిసేద్యము విస్తారము. పురుగుమందుల డబ్బాలు, పీపాలు ప్రతి యూరను దొరకును. అవి గట్టివి, మూతలు బాగుగ బిగియును, ఖర్చులేదు. వానిని ఎన్నిమార్లు కడిగినను, ఎండబెట్టినను, మంచినీటికి పనికిరావు. మందు ప్లాస్టిక్కులోనికి ఇంకిపోయి, తరువాత మెల్లమెల్లగ నీటిలోనికి దిగును. పశువుల కుడితికిని వానిని వాడరాదు. వాటికి చిల్లులు పొడిచి, మరెవ్వరును వాడకుండునట్లు చేయుటయే ధర్మము.

ఇక పనిలోనికి దిగుదము. మొట్టమొదట పాత తొట్టిని ఊడదీయుటకు ముందు కొలతలు తీయవలెను. తొట్టి కొలత మాత్రమే గాక, అది బయటికి వచ్చు ద్వారము కొలతయు తీయవలెను. పాత నివాసపు బండ్లలో తొట్టిని ముందుగ పెట్టి, దాని చుట్టు బల్లలను, పడకలను తరువాత కట్టియుందురు. అందుచేత పాతది ముక్కలుగ కోసినగాని బయటికి రాదు. అంతటి క్రొత్తది లోనికి పోదు. బజారునకు పోయి తొట్టి కొని తెచ్చి, గుమ్మమువద్ద నిలిచి విచారించుట కంటె, ముందు ఆ కొలతకు సరిపడు వెదురుబుట్టనో, అట్టపెట్టెనో లోపల దూర్చి చూచుట తెలివైన పని. చిన్నతొట్లు రెండు కొనుమని చెప్పుటకు ఇదియు నొక కారణము.

పాతది తీసిన తరువాత దాని అడుగున నున్న పలకలను పరీక్షింపుడు. ఏండ్ల తరబడి కారిన నీటిచే కొయ్య పైకి బాగుగ కనబడినను లోపల మెత్తబడి యుండును. సూదికొనగల పనిముట్టుతో పొడిచి చూచినచో తెలియును. మెత్తబడినచోట పలకను మార్చించియే ముందుకు పోవలెను. చివికిన పలకపై వందకిలోల బరువు నిలువదు.

తరువాత తొట్టికి పీట. ప్లాస్టిక్కు తొట్టి అడుగంతయు సమతలముగ పీటపై ఆనవలెను. రెండు దూలములపై వంతెనవలె పెట్టినచో నడుమ జారి, కొన్ని నెలలకు పగులును. పీటపై మేకుతలలు, గులకరాళ్లు, కొయ్యపెళ్లలు ఉండరాదు. పైన రబ్బరు పలుచని ముక్క పరచినచో రాపిడి తగ్గును. గోనెసంచి పరచరాదు, అది తడిసి కుళ్లి, పలకను కుళ్లజేయును.

పీటకు నాలుగు వైపుల అడ్డకొయ్యలు బిగింపవలెను. బండి ఒక్కసారి ఆగినప్పుడు తొట్టి ముందునకు పోవజూచును. దానిని ఆపునవి ఈ అడ్డకొయ్యలే. అటుపైన రెండు ఇనుపపట్టీలు పైనుండి చుట్టి, బండి దూలములకు మరబోల్టులతో బిగింపవలెను. పట్టీ క్రింద రబ్బరు ఉంచవలెను. తొట్టికి మాత్రము మేకు గాని మర గాని కొట్టరాదు. ప్లాస్టిక్కు తొట్టి నిండినప్పుడు కొంచెము ఉబ్బును. అందుకై అడ్డకొయ్యకును తొట్టికిని నడుమ వ్రేలిమందము సందు విడిచి, నిండిన తరువాత పట్టీలను సరిచేయవలెను.

తొట్టికి ఎన్ని మూతులు కావలెను? అయిదు. నింపుటకు ఒకటి, గాలికి ఒకటి, నల్లాకు ఒకటి, అడుగునీరు వదలుటకు ఒకటి, చేయిదూర్చి కడుగుటకు ఒకటి. సాధారణముగ మొదటిదియు మూడవదియు మాత్రమే చేయించి, తక్కినవి అనవసరమని విడిచిపెట్టుదురు. ఆ విడిచిపెట్టిన మూడింటిమీదనే తొట్టి ఆరోగ్యము ఆధారపడియున్నది.

గాలిగొట్టము లేనిచో నీరు నింపునప్పుడు లోపలి గాలి బయటికి పోలేక నీటిని ఎగజిమ్మును. నల్లా త్రిప్పినప్పుడు బయటి గాలి లోనికి రాలేక నీరు బొటబొట పడి నిలిచిపోవును. పంపుతో లాగినచో పలుచని తొట్టి లోపలికి ముడుచుకొనును. గాలిగొట్టము తొట్టి పైభాగమునుండి లేచి, కొన వంచబడి, సన్నని జాలితో కట్టబడి యుండవలెను. జాలి దుమ్మునకు మాత్రమే కాదు, దోమలకును. మలేరియా క్రిమి దోమ ఒడలిలో పెరుగునని రోనాల్డు రాసు 1897లో మన సికిందరాబాదుననే కనుగొనెను. డెంగీని తెచ్చు దోమయో, ఇండ్లలో నిలువయుంచిన తేటనీటిలోనే గ్రుడ్లు పెట్టును. జాలిలేని తొట్టి ఆ దోమకు పుట్టినిల్లగును.

నల్లామూతి తొట్టి అడుగునకు ఒక అంగుళము పైన ఉండవలెను. అడుగున చేరిన ఒండ్రు నల్లాలోనికి రాదు. ఆ ఒండ్రును వదలు మూతి మాత్రము అడుగున, అన్నిటికంటె పల్లపుచోట ఉండవలెను. చేయిమూతి పిడికిలి గాక, మోచేతివరకు దూరి, లోపలి మూలలన్నియు తాకగలంత వెడల్పు కలదై, బిగువుగ మూయు మూతకలిగి యుండవలెను. చేతికి అందని మూలను ఎవ్వరును కడుగరు. కొనబోవు తొట్టికి ఇట్టి మూతి లేకున్న దానిని కొనకుడు.

ప్లాస్టిక్కునకు చిల్లు వేయునప్పుడు కాల్చిన ఇనుపచువ్వను గ్రుచ్చుట వాడుక. అట్టి చిల్లు అంచులు వంకరయై, అక్కడనుండి పగులు మొదలగును. గుండ్రని రంపపు బరమాతో చల్లగ, మెల్లగ కోయించి, అంచును నునుపు చేయించి, లోపల పడిన పొట్టునంతయు ఏరివేయవలెను. చిల్లు లోపలను, బయటను రబ్బరు వాషర్లు వేసి మరచుట్టు బిగింపవలెను. చేతితో బిగియునంత బిగించి, పట్టుకారుతో మరి కొంచెము త్రిప్పినచో చాలును. ఇనుమును బిగించినట్లు బలమంతయు చూపినచో ప్లాస్టిక్కు మర పగులును. ఆ పగులు ఇంటివద్ద కాక మూడవనాడు అడవిబాటలో కనబడును.

అమర్చుట ముగిసిన తరువాత పరీక్ష. తొట్టిని ఒక్కసారిగ నింపక, మొదట పావు, తరువాత సగము, తరువాత పూర్తిగ నింపి, ఒక్కొక్కసారి మూతులను తడిమి చూడవలెను. నిండుతొట్టి అడుగున పొడికాగితము పరచి రాత్రియంతయు ఉంచినచో చెమ్మ తెలియును. మరునాడు మనుష్యులు ఎక్కక, నీటితోనే బండిని ఊరిచుట్టు గతుకుబాటన ఒకసారి త్రిప్పి తెచ్చి, పట్టీలు వదులైనవేమో చూచి, ఎడ్ల మెడలను తడిమి చూడవలెను. ఈ రెండు దినములు ప్రయాణమునకు కనీసము వారము ముందుండవలెను. బయలుదేరు తెల్లవారుజామున తొట్టి బిగించువానికి తప్పు దిద్దుకొను వ్యవధి యుండదు.

అటుపైన శుద్ధి. జాతర బాటల వెంట కలరా ప్రయాణము చేసిన కాలము మన పెద్దలు ఎరిగినదే. ఆ వ్యాధిక్రిమిని రాబర్టు కాకు అను జర్మను వైద్యుడు 1884లో కలకత్తాయందు నిర్ధారించి, అచటి చెరువునీటిలో దానిని చూపెను. నీటినుండి వచ్చు వ్యాధులు, ముఖ్యముగ అతిసారమును, కామెర్లును, నేటికిని తొలగిపోలేదు. క్రొత్త తొట్టి క్రొత్తదగుటచేతనే శుభ్రమైనది కాదు. దానిలో చేసినవారి చేతులు, దుకాణపు దుమ్ము, కోసిన పొట్టు ఉన్నవి.

మొదట సబ్బు లేని గుడ్డతో లోపల తుడిచి, మంచినీటితో రెండుమార్లు కడుగవలెను. తరువాత రెండువందల లీటర్ల నీటికి ముప్పది గ్రాముల మంచి బ్లీచింగు పౌడరు వంతున, అనగా యేబది లీటర్ల తొట్టికి ఏడెనిమిది గ్రాములు, వేరుగ చిన్నపాత్రలో కలిపి, సున్నపుమడ్డి దిగిన తరువాత పైతేటను తొట్టిలో పోసి, తొట్టిని మూతివరకు నింపవలెను. నల్లా త్రిప్పి ఆ వాసన వచ్చువరకు నీరు వదలినచో గొట్టము కూడ శుద్ధియగును. రాత్రియంతయు ఉంచి, మరునాడు పారబోసి, వాసన పోవువరకు కడుగవలెను. ఆ నీరు త్రాగరాదు, పశువులకు పెట్టరాదు. పౌడరు పాతబడి, మూత తెరచి యుంచినదైనచో బలము పోయి యుండును; క్రొత్త పొట్లము వాడుడు.

త్రాగు నీటికి మోతాదు వేరు. తేటనీరు వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగు పౌడరు సామాన్యపు లెక్క. యేబది లీటర్లకు ఇది తూచుటకు వీలుగానంత స్వల్పము. కావున అయిదు గ్రాములు ఒక లీటరు నీటిలో కలిపి, తేట దిగనిచ్చి, ఆ తేటలో ఇరువదియైదు మిల్లీలీటర్లు యేబది లీటర్ల తొట్టికి పోసినచో సరిపోవును. ఆ తేటను దినదినము క్రొత్తగ చేసికొనవలెను. మందు వేసిన తరువాత గంటసేపు ఆగి త్రాగవలెను. నీరు బురదగ నున్నచో మందు బురదతోనే ఖర్చగును. ముందు తేర్చి, మడతపెట్టిన శుభ్రమైన గుడ్డలో వడగట్టవలెను. సందేహమున్నచోట నీటిని తెర్ల కాచి చల్లార్చి త్రాగుటయే ఉత్తమము. మరియొక మాట. ఈ మందు క్రిములను చంపును గాని, ఫ్లోరైడును, ఉప్పును, పురుగుమందును తీయదు. కావున దారిలో దొరికిన ప్రతి బోరునీటితోను తొట్టి నింపక, పంచాయతీవారు పరీక్షించి సరఫరా చేయు మంచినీటితోనే నింపుకొనుట మేలు.

దారిలో పాటింపవలసినవి మూడే మూడు. తొట్టిలో చెంబు గాని, గ్లాసు గాని, చేయి గాని ముంచరాదు, నల్లానుండియే పట్టుకొనవలెను. నింపు గొట్టము వేరుగ ఉంచుకొని, దాని రెండు కొనలను మూసి, నేలను తాకనీయరాదు. ఎడ్ల తొట్టిలో పెట్టిన గొట్టము మనుష్యుల తొట్టిలో పెట్టరాదు. ఇవి పిల్లలకు నేర్పుట కష్టము కాదు. పెద్దలు తాము పాటించినచో పిల్లలు చూచి నేర్చుకొందురు.

ట్రాక్టరు ట్రాలీలను జాతరకు గొనిపోవువారికి ఒక హెచ్చరిక. నీటితొట్టి ఉంచుటకు చెప్పిన నియమములు ట్రాలీకిని వర్తించును. కాని ట్రాలీ సామాను మోయుటకే గాని మనుష్యులను ఎక్కించుటకు కాదు. అది చట్టవిరుద్ధము, ప్రాణాపాయకరము. నీటిని, సామానును ట్రాలీలో పంపి, మనుష్యులు బస్సులో పోవుట క్షేమము.

తిరిగివచ్చిన తరువాత పని ముగిసినదని తలపరాదు. తొట్టిలో మిగిలిన నీటిని అడుగుమూతినుండి పూర్తిగ వదలి, చేయిమూతి తెరచి నీడన ఆరబెట్టి, జాలికట్టి మూసి ఉంచవలెను. మిగిలిన నీటితోనే మరుసటి జాతరవరకు ఉంచిన తొట్టి చెడుట మొదలగునది ఆ విశ్రాంతి కాలముననే. మరల వాడుటకు ముందు పైన చెప్పిన శుద్ధి తిరిగి చేయవలెను.

చివరకు పెద్దలకు ఒక విన్నపము. ప్రతి యింటివారును ఈ ఖర్చు పెట్టుకొనలేకపోవచ్చును. ఊరి బండ్లన్నిటికిని ఒకే కొలత తొట్లు కొన్ని ఉమ్మడిగ కొనిపెట్టి, పీటయు, పట్టీలును ఏ బండికైనను సరిపోవునట్లు ఊరి వడ్రంగిచేత, కమ్మరిచేత చేయించి, జాతర ముగిసిన తరువాత ఒకచోట ఆరబెట్టి భద్రపరచినచో ఖర్చు తగ్గును, శుభ్రత నిలుచును. ఎవరి తొట్టి ఎవరు కడిగిరో వ్రాసియుంచుటకు ఒక చిన్న పుస్తకము చాలును. పుష్యమాసము రాకముందే ఈ పని చేయించుడు. మీ బండిలోని పిల్లలు ఏ నీరు త్రాగుచున్నారో మీకు నిశ్చయముగ తెలిసియుండును. ఎడ్లును సుఖముగ నడచును.